టీనేజీ పిల్లల చేతికి నవల ఇవ్వడం ఎలా?

సాయంత్రం నాలుగున్నరకి స్కూల్ బ్యాగు వేసుకుని ఒక పిల్లాడు లైబ్రరీలోకి వస్తాడు. పేపర్ స్టాండ్ దగ్గర నిలబడి క్రికెట్ వార్తలు చూస్తాడు. కాసేపు ఫ్యాన్ కింద కూర్చుంటాడు. బీరువాల వైపు ఓసారి తొంగి చూసి, తాళాలు కనిపించగానే బ్యాగు సర్దుకుని వెళ్ళిపోతాడు. శాఖా గ్రంథాలయంలో పనిచేసే ఎవరికైనా ఈ పిల్లాడు తెలుసు. వాడి చేతికి ఒక నవల ఇచ్చి, అది చదివాక ఇంకోదాని కోసం వాడంతట వాడే మళ్ళీ వచ్చేలా చేయడం ఎలాగో మా లైబ్రరీలో పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. లైబ్రేరియన్లకి, సాయంత్రాలు వాలంటీరుగా వచ్చేవాళ్ళకి, బడిలో తెలుగు చెప్పే టీచర్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి పని: తాళం తీయండి

పుస్తకం పోతే లెక్క చెప్పాల్సింది మనమే, ఒక్కోసారి డబ్బు కట్టాల్సింది కూడా మనమే. ఆ భయం నాకూ ఉంది. అందుకే బీరువాలన్నీ బార్లా తెరవమని చెప్పను. 40 పుస్తకాలు తీయండి చాలు. వాటి యాక్సెషన్ నంబర్లు (లైబ్రరీ రిజిస్టర్‌లో ఒక్కో పుస్తకానికి ఇచ్చే వరస నంబర్లు) ఒక కాగితం మీద విడిగా రాసుకోండి. తలుపు పక్కన, లోపలికి రాగానే కంటపడే చోట ఒక చిన్న ర్యాక్ పెట్టి, అట్ట బొమ్మలు కనిపించేలా నిలబెట్టండి.

ఇక్కడే ఒక చిక్కుంది. పాత పుస్తకాలన్నింటికీ అట్టలు చింపేసి బైండింగ్ చేయించి ఉంటారు. ఎర్ర గుడ్డ, దాని మీద ఎవరిదో చేతిరాతతో పేరు. లోపల ఎంత గొప్ప కథ ఉన్నా బయటికి అన్నీ రిజిస్టర్లలాగే కనిపిస్తాయి. పద్నాలుగేళ్ళ పిల్ల వాటిని ముట్టుకోదు. కొత్త ప్రింటు అట్ట బొమ్మ దొరికితే కలర్ జిరాక్స్ తీసి అతికించండి. దొరక్కపోతే బొమ్మలు బాగా వేసే పిల్లలకి పుస్తకం ఇచ్చి, చదివి అట్ట గీసుకురమ్మనండి. అట్ట కోసం పుస్తకం చదివినవాళ్ళు మా దగ్గర ఆరుగురున్నారు.

రోజూ మూసే ముందు 40 లెక్కపెట్టుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. మొదటి ఏడాదిలో మాకు పోయినవి నాలుగు. నాలుగూ మధుబాబు రాసిన గూఢచారి షాడో నవలలే.

చోటు సంగతి. ఇప్పుడు ఏ లైబ్రరీ చూసినా గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకి చదివేవాళ్ళతో నిండిపోయి ఉంటుంది. హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ అంతే, మండల కేంద్రంలోని రెండు గదుల లైబ్రరీలోనూ అంతే. పొద్దున్నే క్యారేజీలతో వచ్చి కుర్చీలు పట్టుకుంటారు. పాపం వాళ్ళ టెన్షన్ వాళ్ళది. వాళ్ళకి నిశ్శబ్దం కావాలి, పిల్లలు నిశ్శబ్దంగా ఉండలేరు. వాళ్ళతో తగువు పెట్టుకోకండి. పిల్లలకి వరండాలో చాప వేయండి. వీలైతే పరీక్షలకి చదివేవాళ్ళలోనే కాస్త సరదా మనిషిని పట్టుకుని, వారానికి అరగంట పిల్లలకి చదివి వినిపించమని అడగండి. రోజంతా బిట్లు బట్టీ పట్టేవాళ్ళకి అది కాస్త ఊపిరాడే పని. మా దగ్గర ఎస్సై పరీక్షకి చదువుతున్న అబ్బాయి గొంతు మారుస్తూ డిటెక్టివ్ కథ చదువుతుంటే లోపలున్నవాళ్ళు కూడా పుస్తకాలు మూసి వినేవాళ్ళు.

రెండో పని: అడగండి, కానీ పుస్తకం గురించి కాదు

"ఏం పుస్తకం కావాలి?" అని అడిగితే "ఏదైనా పర్లేదు మేడమ్" అంటారు. ఏమున్నాయో తెలియనివాళ్ళు ఏం కావాలని చెబుతారు? ఈ మధ్య ఏం చూశారో అడగండి. ఒక తొమ్మిదో తరగతి పిల్లాడితో నా మాటలు ఇలా సాగాయి.

"ఏరా, ఈ మధ్య నిద్ర మానుకుని మరీ చూసిందేంటి?"

"ఒక సిరీస్ మేడమ్. వరసగా హత్యలు జరుగుతుంటాయి."

"అందులో నీకు నచ్చింది చంపడమా, కనిపెట్టడమా?"

వాడు తల గోక్కున్నాడు. "కనిపెట్టడమే. చంపేది స్కిప్ చేస్తా."

అంతే, వాడికి కొమ్మూరి సాంబశివరావు నవల ఒకటి ఇచ్చాను. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. సెల్‌ఫోన్లు, సీసీ కెమెరాలు లేని రోజుల్లో హంతకుణ్ణి ఎలా పట్టుకునేవాళ్ళన్నదే వాడికి పెద్ద వింత. నాలుగు రోజుల్లో తిరిగొచ్చాడు.

రెండో ప్రశ్న పైకి అడగకూడనిది: తెలుగు ఎంత వేగంగా చదవగలరు? ఇంగ్లీష్ మీడియంలో చదివే పిల్లల్లో చాలామంది మాట్లాడటంలో గడుసువాళ్ళే, చదవడంలో మాత్రం ఒత్తుల దగ్గర ఆగిపోతారు. పదిమందిలో గట్టిగా చదవమంటే ఇక మన గడప తొక్కరు. పుస్తకం చేతికిచ్చి, ఇష్యూ రిజిస్టర్ రాస్తున్నట్టు నటిస్తూ ఓరకంట చూడండి. పేజీ మీద వేలు పెట్టి చదువుతున్నారా, పెదాలు కదుపుతున్నారా, మొదటి పేజీ తిప్పడానికి ఎంతసేపు పట్టింది? అలాంటివాళ్ళకి అక్షరాలు పెద్దగా ఉండి, సంభాషణలు ఎక్కువగా ఉన్న చిన్న పుస్తకాలు ఇవ్వాలి. వీలైతే మొదటి రెండు పేజీలు మీరే చదివి వినిపించి, మంచి పట్టులో ఉండగా ఆపేసి పుస్తకం చేతిలో పెట్టండి. మిగతాది తెలుసుకోవాలంటే వాళ్ళు చదువుకోవాల్సిందే.

ఎప్పుడూ ఒక్క పుస్తకమే ఇవ్వకండి. మూడు ముందు పెట్టి ఒకటి తీసుకోమనండి. "పది పేజీలు చదువు. నచ్చకపోతే రేపే తిరిగిచ్చెయ్. ఎందుకని అడగను" అని చెప్పండి. అన్నమాట మీద నిలబడండి, నిజంగానే అడగొద్దు.

మూడో పని: ఎవరికి ఏది

నవ్వు కావాలన్నవాళ్ళకి "బారిష్టర్ పార్వతీశం" మొదటి భాగం. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ఈ నవలకి దాదాపు 100 ఏళ్ళు. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదువుకని ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండు బయలుదేరతాడు, దారిలో దొరసానులు పెట్టుకునే టోపీ కొనుక్కుని దర్జాగా నెత్తిన పెట్టుకుంటాడు. భాష కాస్త పాతది. అందుకే టోపీ సీను మీరు చదివి వినిపించాకే పుస్తకం ఇవ్వండి. రెండు, మూడు భాగాలు వాళ్ళు అడిగితేనే.

మంత్రాలు, రాక్షసులు, సాహసాలు ఇష్టమైతే దాసరి సుబ్రహ్మణ్యం గారి చందమామ సీరియళ్ళు. "తోకచుక్క", "రాకాసిలోయ", "పాతాళదుర్గం" పుస్తకాలుగా కూడా వచ్చాయి. ఆరు, ఏడు తరగతుల పిల్లలకి ఇంతకు మించింది నాకు కనపడలేదు. తొమ్మిదో తరగతి వాళ్ళు "పిల్లల పుస్తకమా?" అని మూతి విరుస్తూనే తీసుకెళతారు.

చదవడం అంటేనే బద్ధకమని చెప్పే అబ్బాయిలకి డాక్టర్ కేశవరెడ్డి "అతడు అడవిని జయించాడు". చిన్న నవల. అడవిలో ఈనిన పందిని వెతుక్కుంటూ వెళ్ళిన ఒక ముసలివాడు, ఒక్క రాత్రి, అంతే కథ. నక్కలు చుట్టుముట్టే చోట ఆపి పుస్తకం ఇస్తే వద్దన్నవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. అయితే పుస్తకం వాళ్ళనుకున్నట్టు ముగియదు. తిరిగిచ్చేటప్పుడు కోపంగా ఇస్తారు. ఆ కోపం మంచిదే, కూర్చోబెట్టి కాసేపు మాట్లాడండి.

సొంత ఊరి భాష దొరికే పుస్తకాల బలం వేరు. మహమ్మద్ ఖదీర్‌బాబు "దర్గామిట్ట కథలు" కావలిలో పెరిగిన ముస్లిం కుర్రాడి చిన్నతనం, నెల్లూరు యాసలో. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు "పచ్చనాకు సాక్షిగా" చిత్తూరు పల్లె మాటలో. తెలంగాణ పిల్లలకి దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు": నిజాం కాలం, దొర గడీ, వెట్టి. అమ్మమ్మ నోట వినే మాట అచ్చులో కనిపించేసరికి ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి "ఇట్లా కూడా పుస్తకంలో రాయొచ్చా మేడమ్?" అని అడిగింది. స్కూల్లో ఆ మాటలకే ఎర్ర ఇంకు సున్నాలు పెడతారు మరి.

వేరే దేశాల కథలు కావాలంటే అనువాదాలు బోలెడు. "ఏడుతరాలు" చదివిన పిల్లలు, ఆఫ్రికా నుంచి అమెరికాకి బానిసగా తెచ్చిన కుంటా కింటే పేరు మరిచిపోరు. అందులో హింస ఉంది, పదహారు దాటినవాళ్ళకే ఇవ్వండి. చిన్నవాళ్ళకి "రైలుబడి": పాత రైలు పెట్టెల్లో నడిచిన జపాన్ బడి. మంచి పుస్తకం ప్రచురణ సంస్థ, అమెరికాలోని తెలుగువాళ్ళ సంఘం తానాతో కలిసి పిల్లల కోసం కొత్త తెలుగు పుస్తకాలు వేస్తోంది, అవీ తెప్పించండి. ఇప్పటి పిల్లల బతుకు మీద తెలుగులో నవలలు తక్కువే. ఆ లోటు మనం ఎంత వెతికినా పూర్తిగా తీరదు.

ఇక యండమూరి, మధుబాబు, యద్దనపూడి. మన లైబ్రరీ మనుషులకి వీళ్ళ పేరెత్తితే చిన్నచూపు. మనలో చాలామంది అక్కడే మొదలెట్టాం, పైకి ఒప్పుకోం అంతే. "వెన్నెల్లో ఆడపిల్ల"లో ఫోన్ నంబరు కనుక్కోమని చదరంగం ఆటగాడికి పందెం పెట్టే అమ్మాయి ఇప్పటికీ ఇంటర్ పిల్లల్ని రాత్రి పన్నెండు దాకా మేలుకోబెడుతుంది. ఇవ్వండి. కాకపోతే ఆ కాలపు పాపులర్ నవలలు అన్నీ ఒకటి కాదు. కొన్నింట్లో పదమూడేళ్ళ పిల్లలకి ఇవ్వలేని శృంగారం, హింస, ఆడవాళ్ళ గురించి ఇప్పుడు వినలేని మాటలు ఉంటాయి. మీరు చదవనిది ఇవ్వకండి. కనీసం అక్కడక్కడా తిరగేసి చూడండి.

పెద్ద తరగతుల అమ్మాయిలు రామాయణం తెలిసినవాళ్ళయితే ఓల్గా "విముక్త" ఇవ్వొచ్చు. సీత వెళ్ళి శూర్పణఖని కలుస్తుంది, అహల్యని కలుస్తుంది. చిన్న కథలే, ఇంట్లో పెద్ద చర్చలు లేపుతాయి, సిద్ధంగా ఉండండి.

ఇవ్వకూడనివి కూడా చెబుతాను. మొదట్లో, పదో తరగతిలో ఎప్పుడూ ఫస్ట్ వచ్చే ఒక అమ్మాయికి, తెలివైనది కదా అని, "వేయిపడగలు" ఇచ్చాను. దాదాపు వెయ్యి పేజీలు. నాకిష్టమైన పుస్తకాన్ని ఆ పిల్ల నెత్తిన పెట్టానంతే, ఆ పిల్ల ఏం అడిగిందో వినలేదు. పదిహేను రోజులకి తెచ్చి బల్ల మీద పెట్టింది, థాంక్స్ కూడా చెప్పింది. ముప్ఫయ్యో పేజీలో బస్ టికెట్ ఒకటి ఉండిపోయింది. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు. "చివరకు మిగిలేది", "అసమర్థుని జీవయాత్ర" కూడా అంతే, వాళ్ళంతట వాళ్ళు వెతుక్కుంటూ వచ్చిన రోజున ఇవ్వాల్సినవి.

ఇంట్లోవాళ్ళ సంగతి

"నవలలా? మార్కులు తగ్గుతాయండీ" అని నాన్నలు వస్తారు. వాదించకండి. వాళ్ళు ఇష్టపడే పుస్తకంతోనే మొదలుపెట్టండి. అబ్దుల్ కలాం ఆత్మకథ తెలుగులో "ఒక విజేత ఆత్మకథ"గా దొరుకుతుంది. రైల్లోంచి విసిరిన పేపర్ కట్టలు ఏరుకున్న రామేశ్వరం కుర్రాడి కథ కాబట్టి నాన్నకి అభ్యంతరం ఉండదు, పిల్లాడికి కథ దొరుకుతుంది. ఇంకా సణిగితే ఇంటిపన్ను రశీదు చూసుకోమనండి. అందులో గ్రంథాలయ సెస్సు కూడా ఉంటుంది, పన్నులో రూపాయికి 8 పైసలు. కట్టిన డబ్బుకి పిల్లలు పుస్తకం తీసుకెళితే నష్టమేంటని నేను నవ్వుతూనే అడుగుతాను.

అమ్మలతో వేరే దారి ఉంది. కూతురి కార్డు మీద యద్దనపూడి నవల పంపండి. వారం తర్వాత ఆ అమ్మాయి "మా అమ్మకి ఇంకోటి కావాలంట" అని వస్తుంది. ఆ ఇంట్లో ఇక మీకు అడ్డు ఉండదు.

చీకటి పడితే ఆడపిల్లలు రాలేరు. హాస్టల్ పిల్లలు, కస్తూర్బా స్కూలు పిల్లలు అసలే రాలేరు. వాళ్ళ దగ్గరికి మనమే వెళ్ళాలి. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ గట్టు ఊళ్ళకి పంపారు. మనకి స్కూటీ, ఒక గుడ్డసంచీ చాలు. ప్రిన్సిపల్‌ని కలిసి, నెలకోసారి 25 పుస్తకాలు స్కూలు పేరున ఇష్యూ చేయండి. లోపల లెక్క చూడటానికి వాళ్ళలోనే ఇద్దరు అమ్మాయిల్ని పెట్టండి. నా అనుభవంలో వాళ్ళ లెక్క మన రిజిస్టర్ కంటే పక్కాగా ఉంటుంది.

ఆదివారం అరగంట

మాకు సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటుంది. పిల్లలకి ట్యూషన్ లేని అరగంట ఏదో వాళ్ళనే అడిగి పెట్టుకోండి. ఎనిమిది మంది వస్తే చాలు, ముగ్గురొచ్చినా మానకండి.

మొదటి పది నిమిషాలు మీరు చదవండి. తర్వాత ఒక్కొక్కరు, చదివిన పుస్తకంలోంచి ఒక్క సీను చెప్పాలి. మొత్తం కథ చెప్పకూడదు. ఈ నియమం ముఖ్యం, కథంతా చెప్పేస్తే మిగతావాళ్ళు ఆ పుస్తకం తీసుకోరు. సీను పట్టులో ఉండగా "ఆపు, ఆపు!" అని అరిచే పని ఆ గుంపులో చిన్నవాడికి ఇవ్వండి. మధ్యలో మరమరాల గిన్నె తిరుగుతూ ఉండాలి. సమీక్ష రాయమని మాత్రం అడగొద్దు, హోంవర్క్ వాసన వస్తే రారు. రాయాలనిపించినవాళ్ళకి చిన్న చీటీ ఇచ్చి ఒక్క వాక్యం రాయమనండి, దాన్ని ఆ పుస్తకం అట్టకి క్లిప్పు పెట్టండి. "రాత్రి ఒంటరిగా చదవకండి, నేను చదివి చచ్చాను" అన్న చీటీ ఉన్న పుస్తకం మా ర్యాక్‌లో ఒక్క రోజు కూడా నిలవలేదు.

బహుమతుల విషయంలో నేను దెబ్బతిన్నాను. ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్ళకి ప్రైజు అని ప్రకటించాను. ఒక పిల్లాడు నెలలో 31 పుస్తకాలు తీసుకున్నాడు. ఒకదాని గురించి అడిగితే వెనక అట్ట మీదున్నది అప్పజెప్పాడు. తప్పు వాడిది కాదు, పందెం పెట్టింది నేను. ఆ తర్వాత లెక్కలు మానేసి, ఇంకొకరి చేత చదివించినవాళ్ళకి కొత్తగా వచ్చిన పుస్తకం అందరికంటే ముందు ఇస్తున్నాను.

ఏడాదిలో ఎప్పుడు ఏం చేయాలో కూడా చూసుకోవాలి. జూన్, జూలైలో మొదలుపెట్టండి. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఎలాగూ జరపాలి. వ్యాసరచన, ముగ్గులు, చిత్రలేఖనం అన్నీ ఉంటాయి, వాటితో పాటు ఒక్క రోజు పిల్లలు తలా రెండు నిమిషాలు తమ పుస్తకం గురించి మాట్లాడేలా చూడండి. ముఖ్య అతిథి ప్రసంగం కంటే ముందు పెట్టండి, తర్వాత పెడితే టైమ్ మిగలదు. సంక్రాంతి దాటాక పదో తరగతి వాళ్ళు కనిపించరు, కంగారుపడకండి. ఆ మూడు నెలలూ రోజుకొకటి చదివి పక్కన పెట్టేయగలిగే కథలు ఇవ్వండి. సత్యం శంకరమంచి "అమరావతి కథలు" వంద, ఒక్కొక్కటీ నాలుగైదు పేజీలు.

బంగారం లాంటి రోజు ఆఖరి పరీక్ష రోజు. ఆ సాయంత్రానికి వాళ్ళకి ఏం చేయాలో తోచదు, ముందు రెండు నెలల ఖాళీ. సెంటర్ గేటు బయట చెట్టు కింద బల్ల వేసి 20 పుస్తకాలు పెట్టండి. వేసవి విజ్ఞాన శిబిరానికి పేర్లు అక్కడే రాసుకోండి.

పుస్తకాలు ఎక్కడివి, లెక్క ఎలా

జిల్లా గ్రంథాలయ సంస్థ కొనుగోలు చేసేటప్పుడు మన అవసరం ఏమిటో రాసి ఇవ్వకపోతే మళ్ళీ కాంపిటీటివ్ గైడ్లే వస్తాయి. పిల్లలు అడిగిన పేర్లు ఏడాదంతా రాసిపెట్టుకుని, సంతకాలతో సహా ఆ జాబితా పంపండి. దాతల్ని అడగాలంటే కొత్త సంవత్సరం రోజుల్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం, డిసెంబర్‌లో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్ మంచి సమయం. డబ్బు అడగకండి, ఫలానా మూడు పుస్తకాలు తెచ్చిపెట్టమని పేర్లు రాసివ్వండి. లేకపోతే ఇంట్లో అటక మీదున్న పాత ఇంటర్ గైడ్లు దింపి తెస్తారు.

ఒక 200 పేజీల నోట్‌బుక్ పెట్టుకోండి. పిల్ల పేరు, తరగతి, ఇచ్చిన పుస్తకం, తిరిగొచ్చిన తేదీ, వాళ్ళు అన్న ఒక్క మాట. చివర్న ఒక గడి: రెండో పుస్తకం తీసుకున్నారా? నెలాఖరున నేను చూసుకునేది ఆ గడి ఒక్కటే. ఎంతమందికి మొదటి పుస్తకం ఇచ్చామన్నది పై ఆఫీసు రిపోర్టుకి పనికొస్తుంది. రెండోదానికి రాకపోతే మాత్రం మొదటిది నేను తప్పు ఇచ్చినట్టు. వాళ్ళు మళ్ళీ కనిపించినప్పుడు ఏమీ అనకుండా వేరే రకం మూడు ముందు పెడతాను.

పుస్తకం తిరిగి రాకపోతే ఇంటికి ఫోన్ చేయకండి. ఇంట్లో తిట్లు పడితే పుస్తకంతో పాటు పిల్లాడూ పోతాడు. వాడి స్నేహితుడితో "ఫైన్ లేదు, తెచ్చి ర్యాక్‌లో పెట్టేస్తే చాలు" అని కబురు పంపండి. పోయిన నాలుగు షాడోల్లో రెండు అలాగే వచ్చాయి. ఒక పొద్దున తలుపు తీసేసరికి కిటికీ ఊచల మధ్య ఇరికించి ఉన్నాయి. వాటితో పాటు మాది కాని మూడో షాడో కూడా ఉంది, లోపలి పేజీ మీద వేరే ఊరి గ్రంథాలయం ముద్రతో. దాన్ని ఆ ఊరికి పోస్టులో పంపాను. పంపే ముందు చదివాను.